లో-సోడియం ఉప్పు: ఇంటిల్లిపాదికీ ఒకే డబ్బా సరేనా?

ప్రజారోగ్యం_పరిశీలన

పొటాషియం కలిపిన లో-సోడియం ఉప్పుకు మారమని 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. గర్భిణులకు, పిల్లలకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఇది వర్తించదు. మిగతా పెద్దవాళ్లందరికీ మన డాక్టర్లు, ఆశా కార్యకర్తలు ధైర్యంగా చెప్పాలని నా వాదన.

ఆధారం గట్టిదే. చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21 వేల మందిని ఐదేళ్ల పాటు గమనించారు. సగం ఊళ్లకు మామూలు ఉప్పు, మిగతా సగానికి 75 పాళ్లు సోడియం క్లోరైడ్, 25 పాళ్లు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు. 2021లో ఫలితాలు వచ్చాయి: కొత్త ఉప్పు వాడిన ఊళ్లలో పక్షవాతం 14 శాతం, మరణాలు 12 శాతం తక్కువ. అదంతా చైనా సంగతి అనేవాళ్లకు సిద్దిపేట జిల్లా ఉంది. అక్కడి పల్లెల్లో బీపీ ఉన్న 502 మందితో, ఏ ఉప్పు ఎవరికి ఇచ్చారో తినేవాళ్లకీ పరీక్ష చేసేవాళ్లకీ తెలియకుండా చేసిన పరీక్షలో 70:30 ఉప్పుతో మూడు నెలలకే పై బీపీ సగటున 4.6 పాయింట్లు తగ్గింది.

అమెరికాలో ఉప్పు ఎక్కువగా ప్యాకెట్ తిండిలోంచి, హోటల్ తిండిలోంచి వస్తుంది. వంటింట్లో డబ్బా మార్చినా అక్కడ ఒరిగేది తక్కువ. మనం తినే ఉప్పులో ఎక్కువ భాగం మన చేత్తో కూరలో వేసిందే. అందుకే ఈ మార్పు మనకే ఎక్కువ పనికొస్తుంది.

కిడ్నీ_మాట

మీరు చెప్పిన అంకెలన్నీ నిజమేనండి. పేచీ "మిగతా అందరికీ" అన్న చోటే. చైనా అధ్యయనంలోకి తీసుకునే ముందే తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లను పక్కన పెట్టారు. ఇంట్లో ఇంకెవరికైనా అది ఉందని తెలిసినా ఆ ఇంటినే వదిలేశారు, ఎందుకంటే కూర ఒకే గిన్నెలో వండుతారు. ఈ జల్లెడ మన ఊళ్లో ఎవరు పడతారు?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్నే తీసుకోండి. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస వైపు కారణం తేలని కిడ్నీ జబ్బు ఏళ్లుగా ఉంది. ఆ రకం జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, కాబట్టి పుల్లతో చేసే మూత్ర పరీక్ష బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. కాళ్ల వాపు, ఆయాసం వచ్చేసరికి కిడ్నీలు చాలా వరకు పోయి ఉంటాయి. "నాకు కిడ్నీ జబ్బు లేదు" అని అక్కడ ఒకరు చెబితే, చాలాసార్లు దానర్థం పరీక్ష చేయించుకోలేదనే.

లెక్క కూడా చూడండి. 25 శాతం రకం ఉప్పు రోజుకు 5 గ్రాములు తింటే అదనంగా ఒంట్లోకి వెళ్లే పొటాషియం సుమారు 650 మిల్లీగ్రాములు. మనలో చాలామంది 5 దగ్గర ఆగరు. 30 శాతం రకం 10 గ్రాములు తింటే అది దాదాపు 1,570. బాగున్న కిడ్నీలు దీన్ని తేలిగ్గా బయటికి పంపేస్తాయి. దెబ్బతిన్నవి పంపలేవు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, ముందు హెచ్చరికేమీ లేకుండానే.

ప్రజారోగ్యం_పరిశీలన

ఒక కొబ్బరిబోండంలోనూ ఇంచుమించు మీరు చెప్పిన ఆ 650 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది కదండీ. దానికి ఎవరూ రక్తపరీక్ష అడగరు.

కిడ్నీ_మాట

కిడ్నీ రోగులను మేం మొదట మానమనేది ఆ కొబ్బరినీళ్లే. పైగా బోండం తాగితే తాగామని తెలుస్తుంది. ఉప్పు మూడు పూటలా, ప్రతి ముద్దలోనూ, తినేవాళ్లకు తెలియకుండా వెళ్తుంది.

మందుల_చీటీ

కిడ్నీల సంగతితో పాటు మందుల సంగతీ చూడాలి. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి బీపీ మందులు పొటాషియం బయటికి పోవడాన్ని కొంత తగ్గిస్తాయి. వీటిలో ఒకటే వాడుతూ క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) బాగుంటే మామూలుగా ఇబ్బంది ఉండదు. పొటాషియాన్ని ఒంట్లోనే ఆపేసే స్పైరనోలాక్టోన్, ఎప్లెరెనోన్ వాడేవాళ్లకు మాత్రం ఈ ఉప్పు వద్దే వద్దు.

అసలు చిక్కు మధ్యలో వచ్చి చేరే మందులతో. మోకాళ్ల నొప్పులకని చీటీ లేకుండా కొనే డైక్లోఫినాక్, మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు కో-ట్రైమాక్సజోల్, కిడ్నీలో రాళ్లకు పొటాషియం సిట్రేట్ సిరప్. బీపీ మాత్రకు వీటిలో ఒకటి తోడై, ఇంట్లో ఈ ఉప్పు కూడా ఉంటే మూడూ పొటాషియం పెరిగే వైపే లాగుతాయి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, వడదెబ్బ తగిలినా కిడ్నీల పని తాత్కాలికంగా మందగిస్తుంది. తేరుకునే దాకా మామూలు ఉప్పే వాడాలి.

పోపులపెట్టె

వంట వైపు నుంచి కొన్ని మాటలు. సైంధవ లవణం, పింక్ సాల్ట్ లో-సోడియం అనుకుని కొనేవాళ్లు చాలామంది. రంగు, ధర తప్ప అది దాదాపుగా మామూలు సోడియం క్లోరైడే. ప్యాకెట్ వెనక 100 గ్రాములకు సోడియం ఎంతో చూడండి: 38, 39 గ్రాములంటే మామూలు ఉప్పు, 27 నుంచి 30 మధ్య ఉంటే ఇక్కడ చర్చిస్తున్న రకం. అయోడిన్ కలిపారో లేదో కూడా అక్కడే చూసుకోవాలి.

పొటాషియం క్లోరైడ్‌కు కాస్త చేదు ఉంటుంది. చారు, పులుసు, గోంగూర పచ్చడిలో పులుపు దాన్ని కప్పేస్తుంది. మజ్జిగలో, పెరుగన్నంలో, ఉప్మాలో నాలుకకు తగులుతుంది. ఉప్పదనం చాల్లేదని ఇంకో అర చెంచా వేస్తే మారిన ప్రయోజనమే పోతుంది. అందుకే మొదటి రెండు వారాలు సగం మామూలుది, సగం కొత్తది కలిపి వాడటం నయం.

ఆవకాయకు మాత్రం ఇది వేయకండి. ఊరగాయలో ఉప్పు రుచికే కాదు, తడిని పట్టి ఉంచి బూజు రాకుండా చూసేదీ అదే. బరువుకు బరువు వేస్తే పొటాషియం క్లోరైడ్ ఆ పని తక్కువగా చేస్తుంది, పైగా అంత మోతాదులో చేదు బయటపడుతుంది. పచ్చడి కల్లుప్పుతోనే పెట్టి, కంచంలో తక్కువ వేసుకోవాలి.

ప్రజారోగ్యం_పరిశీలన

ఉద్దానం విషయంలో ఒప్పుకుంటాను, అక్కడ ముందు పరీక్షే. కానీ రాష్ట్రమంతా రక్తపరీక్ష అయ్యాకే ఉప్పు అంటే, ఆగేలోపు పక్షవాతాలు ఆగవు. చైనా వృద్ధాశ్రమాల్లో చేసిన ఇంకో అధ్యయనం 2023లో వచ్చింది. అందులో ఈ ఉప్పు తిన్నవాళ్ల రక్తంలో పొటాషియం పెరిగిన సందర్భాలు ఎక్కువే. అయినా గుండెపోటు, పక్షవాతం లాంటివి 40 శాతం తక్కువ. మిగతా జిల్లాల్లో మందుల పేర్లు, షుగరు, ఇంట్లో డయాలసిస్ రోగి ఉన్నారా అన్న ప్రశ్నలు అడిగి ఇవ్వొచ్చు.

కిడ్నీ_మాట

షుగరు గానీ బీపీ గానీ పదేళ్లుగా ఉన్నవాళ్లకు, అరవై దాటినవాళ్లకు ప్రశ్నలు చాలవని నా అభిప్రాయం మారలేదు. వాళ్లున్న ఇంట్లో డబ్బా మార్చే ముందు క్రియాటినిన్, దాంతో లెక్కకట్టే, కిడ్నీలు ఎంత వడకడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్‌ఆర్, పొటాషియం చూడాలి. ఈజీఎఫ్‌ఆర్ 60 లోపు ఉన్నా, పొటాషియం 5 దాటినా మామూలు ఉప్పే, కాకపోతే తక్కువగా. పైన చెప్పిన బీపీ మందులు వాడేవాళ్లకు మారిన నాలుగు వారాలకు మళ్లీ పరీక్ష.

రక్తం తీసేటప్పుడు పట్టీ గట్టిగా కట్టి పిడికిలి పదేపదే బిగించమన్నా, శాంపిల్ ల్యాబుకు చేరడానికి గంటలు పట్టినా పొటాషియం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. క్రియాటినిన్ బాగుండి పొటాషియం ఒక్కటే ఎక్కువ వస్తే వెంటనే మళ్లీ తీయించండి. క్రియాటినిన్ కూడా పెరిగి ఉంటే రెండో శాంపిల్ కోసం ఆగకుండా అదే రోజు ఈసీజీ తీయించాలి.