కొత్త రూటర్‌కు పాత పేరే పెట్టినా కెమెరాలు, ప్రింటర్ కలవడం లేదు

ప్రశ్న (నల్లగొండ నుంచి)

అందరికీ నమస్కారం. గత వారం గాలివాన వచ్చిన రాత్రి కరెంటు నాలుగైదు సార్లు పోయి వచ్చింది. తెల్లవారి చూస్తే మా రూటర్‌లో ఒక్క దీపమూ వెలగలేదు. ఫైబర్ తీగ వచ్చి చేరే ఓఎన్‌టీ పెట్టె మాత్రం చెక్కుచెదరలేదు. ఆ రోజే క్లాక్ టవర్ దగ్గర ఒక దుకాణంలో కొత్త రూటర్ కొని, ఓఎన్‌టీ నుంచి వచ్చే కేబుల్‌ను దానికి తగిలించాను. ఇంట్లో ఉన్న పదకొండు పరికరాలకు మళ్లీ పాస్‌వర్డ్ కొట్టే బాధ తప్పుతుందని పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే పెట్టాను.

ఫోన్లు, ల్యాప్‌టాప్, టీవీ ఏమీ అడగకుండానే కలిశాయి. కానీ గేటు దగ్గరి రెండు కెమెరాలు, వరండాలోని స్మార్ట్ బల్బు, మా ఆవిడ ట్యూషన్ పిల్లలకు ప్రశ్నపత్రాలు తీసే ప్రింటర్ ఎంతకీ కలవడం లేదు. పేరులో అక్షరం అక్షరం సరిచూశాను. కెమెరాలను రీసెట్ చేద్దామంటే అవి నిచ్చెన వేసుకుని ఎక్కవలసిన ఎత్తులో ఉన్నాయి. రీసెట్ చేయకుండా దారి ఏమైనా ఉందా?

జవాబు 1 (మహబూబ్‌నగర్ నుంచి)

నిచ్చెన ఇప్పుడే తీయకండి. పాత పేరు, పాస్‌వర్డ్ ఉంచడం మంచి పనే, అయితే పరికరం కలవాలంటే ఆ రెండింటితో పాటు భద్రతా పద్ధతి కూడా దానికి అర్థమయ్యేదై ఉండాలి. కొత్త రూటర్లలో కొన్ని డబ్ల్యూపీఏ3 అనే పద్ధతిని ముందే ఎంచుకుని వస్తాయి. ఇది 2018లో ప్రకటించిన పద్ధతి కాబట్టి, అంతకు ముందువీ, తరువాత వచ్చినా చౌకరకంవీ అయిన కెమెరాలు, బల్బులు, ప్రింటర్లు చాలావరకు డబ్ల్యూపీఏ2 దగ్గరే ఆగిపోయాయి. వాటికి మీ వైఫై కనిపిస్తుంది, లోపలికి రావడం మాత్రం చేతకాదు. ఫోన్లు కొత్తవి గనుక వాటికి ఇబ్బంది లేదు.

రూటర్ సెట్టింగులలో వైర్‌లెస్ భద్రత అన్న చోట డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిపి ఉన్న ఎంపిక పెట్టి చూడండి. కొన్ని పాత పరికరాలు ఆ కలగలుపు పద్ధతిని చూసి కూడా తికమకపడతాయి. అలాంటప్పుడు రూటర్ ఇచ్చే రెండు వైఫై తరంగాల్లో (2.4, 5 గిగాహెర్ట్జ్) 2.4కు మాత్రం డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ అన్న ఎంపిక ఒక్కటే ఉంచండి. సెట్టింగు మార్చాక కెమెరాల స్విచ్చును ఒక నిమిషం ఆపి, మళ్లీ వేయండి.

2.4, 5 గిగాహెర్ట్జ్ రెండింటికీ ఒకే పేరు ఉండటం వల్లనే ఇలా జరుగుతుందని చాలామంది చెబుతారు. మీ విషయంలో నాకు అలా అనిపించడం లేదు. 2.4 మాత్రమే తెలిసిన కెమెరాకు 5 అసలు కనబడదు కాబట్టి అది పొరపాటున అటు పోయేదీ ఉండదు. పేర్లు విడగొట్టవలసిన అవసరం కొత్త పరికరాన్ని మొదటిసారి ఫోన్ యాప్‌తో కలిపేటప్పుడు, ఫోన్ 5 మీద ఉండి ఆ యాప్ మొండికేసినప్పుడు వస్తుంది. మీ పరికరాలకు పేరు ముందే తెలుసు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. మీరన్నట్టే డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఎంపికై ఉంది. రెండూ కలిపి పెట్టగానే బల్బు, ఒక కెమెరా కలిశాయి. రెండో కెమెరా 2.4కు డబ్ల్యూపీఏ2 మాత్రమే ఉంచాక దారికి వచ్చింది. ప్రింటర్ వింతగా ఉంది: దాని చిన్న తెర మీద వైఫై గుర్తు వెలుగుతోంది, ల్యాప్‌టాప్ మాత్రం ప్రింటర్ దొరకలేదంటోంది. తెర మీద చిరునామా 192.168.0.50 అని చూపిస్తోంది.

జవాబు 2 (మిర్యాలగూడ నుంచి)

చిక్కు ఆ అంకెల్లోనే ఉంది. మీరో, దాన్ని బిగించినవారో ప్రింటర్‌కు ఆ చిరునామాను స్థిరంగా రాసి పెట్టి ఉంటారు. పాత రూటర్ 192.168.0.1 అయి ఉంటుంది, కొత్తది బహుశా 192.168.1.1. అంటే ప్రింటర్ ఇంకా పాత వీధి చిరునామాతోనే కూర్చుంది, ఇల్లంతా పక్క వీధికి మారింది. ప్రింటర్ సెట్టింగులలో చిరునామాను ఆటోమేటిక్‌గా మార్చవచ్చు. కానీ కొత్త రూటర్ చిరునామానే 192.168.0.1గా మార్చడం నాకు ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే ల్యాప్‌టాప్‌లో ప్రింటర్‌ను కొత్తగా చేర్చే పని కూడా తప్పుతుంది. ఆ తరువాత 50 అన్న అంకెను ప్రింటర్ పేరిట రూటర్‌లో రిజర్వ్ చేయండి, లేకపోతే ఏదో ఒకరోజు దాన్ని చుట్టాల ఫోనుకు ఇచ్చేస్తుంది.

ఇంకొక మాట. మీకు నెట్ వెంటనే వచ్చింది కాబట్టి సరిపోయింది. మా ఇంట్లో రూటర్ మార్చినప్పుడు దీపాలన్నీ వెలిగినా ఒక్క పేజీ తెరుచుకోలేదు. సగం రోజు తీగలు పీకి పెట్టాక తెలిసిందేమిటంటే, నెట్ వాళ్లు మా కనెక్షన్‌ను పాత రూటర్ మ్యాక్ చిరునామాకు (ప్రతి పరికరానికీ తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్యకు) ముడివేశారు. ఫోన్ చేసి కొత్తది చెప్పగానే రెండు నిమిషాల్లో పని అయిపోయింది. ఈ దారిన వచ్చే మరొకరికి పనికొస్తుందని రాస్తున్నాను.

జవాబు 3 (సూర్యాపేట నుంచి)

పాత రూటర్‌ను పారేశారా? గాలివానకు పోయేది చాలాసార్లు అడాప్టర్ మాత్రమే. అడాప్టర్ మీద రాసి ఉన్న ఓల్టులు సరిగ్గా అంతే ఉన్న మరొక అడాప్టర్‌తో ఒకసారి చూడండి. ఆంపియర్లు అంతే ఉన్నా, ఎక్కువున్నా ఫరవాలేదు, తక్కువ ఉండకూడదు. పిన్ను పక్కన ప్లస్, మైనస్ గుర్తులున్న చిన్న బొమ్మ కూడా రెండింటిమీదా ఒకటే కావాలి.

ప్రశ్న అడిగినవారు

రూటర్ చిరునామా మార్చి ప్రింటర్‌ను ఒకసారి ఆపి, మళ్లీ వేయగానే, వారం రోజులుగా వరుసలో ఇరుక్కున్న ఏడో తరగతి లెక్కల పేపరు తనంతట తానే పన్నెండు కాపీలు బయటికి వచ్చింది. పిల్లలు ఆ పరీక్షను చేతిరాత పేపరుతో ఎప్పుడో రాసేశారు.

సూర్యాపేట వారు చెప్పినట్టు మా తమ్ముడి ఇంటి నుంచి 12 ఓల్టుల అడాప్టర్ తెచ్చి తగిలించాను. పాత రూటర్ లేచి కూర్చుంది! కొత్తది కొన్నందుకు ఇంట్లో ఏమంటారో అని కొంత సంకోచం ఉన్నా, దీన్ని వెనక గదిలో పెట్టాలనుకుంటున్నాను. మాది తాతల నాటి ఇల్లు, డంగు సున్నంతో కట్టిన మూరెడు మందం గోడలు దాటి వైఫై అక్కడికి చేరదు. ముందు గది నుంచి కేబుల్ లాగగలను. రెండు రూటర్లూ ఒకే ఇంట్లో కలిపి పెడితే గొడవ అవుతుందా?

జవాబు 2 (మిర్యాలగూడ నుంచి)

ఇప్పుడు రెండింటి చిరునామా ఒకటే కాబట్టి తప్పక అవుతుంది. కేబుల్ తగిలించక ముందే పాతదానిలోకి వెళ్లి దాని చిరునామాను 192.168.0.2 చేయండి, పరికరాలకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీని ఆపేయండి. తరువాత కొత్తదాని లాన్ పోర్టు (ఇంట్లోని పరికరాలకు కేబుల్ ఇచ్చేది) నుంచి పాతదాని లాన్ పోర్టుకే కేబుల్ వేయండి, పాతదాని వాన్ పోర్టును (ఓఎన్‌టీ కేబుల్ తగిలించేదాన్ని) ఖాళీగా వదిలేయండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే ఉంచి 2.4లో ఛానెల్ మాత్రం ఒకదానికి 1, రెండోదానికి 11 ఇవ్వండి. పాతదానికి డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ పెడితే చాలు. తమ్ముడి అడాప్టర్ తిరిగి ఇచ్చేటప్పటికి వేరొకటి కొనుక్కోండి.