పదో తరగతి ఆల్జీబ్రాకి ఆన్‌లైన్‌లో ఒక్కరికే ట్యూషన్: డబ్బు దండగేనా?

హన్మకొండ అమ్మ:
మా అమ్మాయి పదికొచ్చింది. రేఖాగణితం పర్లేదు, ఆల్జీబ్రా అంటేనే ఏడుపు. వీధి చివర ట్యూషన్‌లో పద్దెనిమిది మంది, నెలకు 1,500. ఆన్‌లైన్‌లో దీనికొక్కదానికే చెప్పే సారు గంటకు 400 అంటున్నారు, వారానికి మూడు గంటలు. నెలకు 4,800 దాటుతుంది. "అదే పుస్తకం, అవే లెక్కలు, మూడింతల డబ్బెందుకు?" అని మావారు. ఏం చేయమంటారు?

రిటైర్డ్ లెక్కల మాస్టారు:
ముందు పిల్ల నోటుబుక్కు చూడమ్మా. 2x = 6 ఇస్తే x = 6 − 2 అని రాసేవాళ్లు పదో తరగతిలోనూ ఉంటారు. "అటు వెళ్తే గుర్తు మారుతుంది" అని చిన్న క్లాసుల్లో మేమే బట్టీ పట్టించాం. ఎందుకు మారుతుందో చెప్పలేదు. అందుకే గుణకారాన్నీ అలాగే దాటించేస్తారు. గుంపులో ఈ తప్పు దొరకదు. బోర్డు చూసి ఎక్కించుకున్న నోట్సు ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది కదా! పక్కన ఒక్కరు కూర్చుంటే వారంలో బయటపడుతుంది.

బీటెక్ బాబాయ్:
మాస్టారి మాటే నా మాట. 1984లో బెంజమిన్ బ్లూమ్ అనే అమెరికా విద్యా పరిశోధకుడు రాసిన వ్యాసం ప్రకారం, ఒక్కరికే నేర్పితే సగటు పిల్లాడు కూడా మామూలు క్లాసులోని 98 శాతం మందిని దాటాడు. ఇంకేం కావాలి?

దెబ్బతిన్న నాన్న:
ఆ 98 శాతం మాట ట్యూషన్ యాప్‌ల వాళ్లందరూ చెప్తారు బ్రదర్. బ్లూమ్ చూపించిన ప్రయోగాల్లో నేర్పింది సంభావ్యత, మ్యాపుల తయారీ. అదీ మూడు వారాలే. 2011లో వాన్‌లెన్ అనే ఆయన చాలా అధ్యయనాలు కలిపి చూస్తే, బ్లూమ్ 2 ప్రామాణిక విచలనాలు (పిల్లల మార్కులు సగటుకు మామూలుగా ఎంత అటూ ఇటూ ఉంటాయో ఆ కొలత) అన్న లాభం 0.79 దగ్గర తేలింది. లాభం లేదనను, కానీ అంత లేదు.

ఇక మా ఇంటి సంగతి. ఏడాది పాటు మావాడికి ఇలాగే చెప్పించాను. x² − 5x + 6 ఇచ్చి, వాడు పెన్ను ఆపాడో లేదో "−5xని −2x, −3xగా విడదియ్యి" అనేసేవారు సారు. గంటకు పన్నెండు లెక్కలు, రాత్రికి నాకు వాట్సాప్‌లో రిపోర్టు. నేనూ మురిసిపోయాను. పరీక్షలో 2x² + x − 6 వచ్చింది. తెల్లకాగితం. వీధి ట్యూషన్‌లోనైతే కనీసం పక్కవాడితో కొట్లాడైనా నేర్చుకునేవాడు.

రిటైర్డ్ లెక్కల మాస్టారు:
అది నిజం, నాకూ ఆ జబ్బు ఉండేది. పిల్లాడు ఆగితే మన నోరు ఆగదు. అమ్మా, డెమో క్లాసులో సారు ఎంత బాగా చెప్పారని చూడకు, పెన్ను ఎవరి చేతిలో ఎంతసేపు ఉందో చూడు. ఫోన్‌ని స్టీలు డబ్బాకి ఆనించి, కెమెరా పిల్ల ముఖం మీద కాకుండా నోటుబుక్కు మీద పడేలా పెట్టు. అది వద్దన్న సారైతే ఆ 400 మిగుల్చుకో.

బీటెక్ బాబాయ్:
0.79 సంగతి నాకు తెలీదు, ఒప్పుకుంటున్నా. అయినా వీధి ట్యూషన్‌లో పద్దెనిమిది మంది మాత్రం ఎక్కువే.

హన్మకొండ అమ్మ:
నిన్న డెమో అయింది, డబ్బా పెట్టే చూశాను. మా పిల్ల (x + 3)² = x² + 9 అని రాసింది. సారు తప్పనలేదు. "x బదులు 1 పెట్టి రెండు వైపులా చూడు" అని ఊరుకున్నారు. ఇది చాలాసేపు పెన్ను కొరికింది. నాకైతే ఒకటే టెన్షన్, నేనే చెప్పేసేదాన్ని. చివరికి ఒకవైపు 16, ఇంకోవైపు 10 వచ్చేసరికి "6x ఏదీ?" అని తనే అడిగింది.

మావారు నెల రోజులకు ఒప్పుకున్నారు. వీధి ట్యూషన్ మాన్పించాలా వద్దా అన్న గొడవ ఇంకా తెగలేదు.