నమ్మనివారి మధ్య సువార్త: నోటితో చెప్పాలా, బ్రతికి చూపిస్తే చాలా?

కొత్తపేట వాసి: అందరికీ వందనాలు. మాది గుంటూరు. ఉద్యోగరీత్యా విజయవాడ పటమటలో ముగ్గురు మిత్రులతో కలిసి అద్దె గదిలో ఉంటున్నాను. వారిలో ఇద్దరు దేవుడు లేడని గట్టిగా అంటారు, మూడో అతనికి ఆ ప్రశ్నే పట్టదు. అన్యులకు సువార్త చెప్పకపోతే వారి విషయంలో దేవుడు మనల్ని లెక్క అడుగుతాడని మా సంఘంలో బోధిస్తారు. నోరు విప్పితే స్నేహం చెడుతుందేమోనని, విప్పకపోతే తప్పు చేస్తున్నానేమోనని ఏడాదిగా నలిగిపోతున్నాను. పెద్దలు సలహా ఇవ్వగలరు.

బ్రాడీపేట మాస్టారు: బాబూ, నువ్వు చెప్పనవసరం లేదు, వారు నిన్ను చూస్తూనే ఉన్నారు. అమెరికా మిషనరీ వైద్యురాలు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరుకు వచ్చినప్పుడు, మగ వైద్యుల ముందుకు రాలేని స్త్రీలకు ఆమె చికిత్సే సువార్త అయింది. గది అద్దె వేళకు ఇవ్వడం, జబ్బుపడ్డ మిత్రుడికి జావ కాచి ఇవ్వడం, చేసిన తప్పును ఒప్పుకోవడం, ఇవన్నీ సాక్ష్యమే. వీధి మలుపుల్లో మైకులు పెట్టి మనం పోగొట్టుకున్న గౌరవాన్ని మౌనంగానే తిరిగి సంపాదించుకోవాలి.

సింగ్‌నగర్ సాక్షి: మాస్టారు గారూ, సగం చరిత్ర చెప్పారు. కుగ్లర్ కంటే ముందు, 1842లో లూథరన్ మిషనరీ హెయర్ దొర గుంటూరు వచ్చింది మౌనంగా కూర్చోవడానికి కాదు, ఆయన బడులు పెట్టించారు, బోధా చేశారు. ప్రకటించేవాడు లేకుండా ఎలా వింటారని రోమా పత్రిక పదో అధ్యాయం అడుగుతోంది. రాజ్యాంగం 25వ అధికరణ కూడా మతాన్ని అవలంబించే హక్కుతో ఆగకుండా, ప్రచారం చేసుకునే హక్కునూ ఇచ్చింది. మంచి నడవడి నాస్తికుడికీ ఉంటుంది. క్రీస్తు పేరు ఎత్తకపోతే మన మంచితనం మన ఖాతాలోనే పడుతుంది. తమ్ముడూ, ధైర్యంగా చెప్పు.

పటమట హేతువాది: నేను క్రైస్తవుడిని కాను, ఏ మతస్థుడినీ కాను. గోరా గారి నాస్తిక కేంద్రం ముదునూరు నుంచి 1947లో మా పటమటకే వచ్చింది, కనుక ఈ ఊళ్లో నమ్మకపోవడం కొత్త సంగతి కాదు. మొదటి పోస్టులో 'అన్యులు' అన్న మాట చూసి ఆగిపోయాను. ఒకే కుండలో అన్నం వండుకు తినే మిత్రులు అన్యులు ఎలా అయ్యారు? ఇంకొక మాట. మా అమ్మ ఆసుపత్రిలో మాట్లాడలేని స్థితిలో ఉన్నప్పుడు, నేను మందుల కోసం కిందికి వెళ్లిన పది నిమిషాల్లో ఇద్దరు వచ్చి, ఆమె తల మీద చెయ్యి పెట్టి, నమ్మితేనే లేస్తావని చెప్పి వెళ్లారట. పక్క మంచం వారు చెప్పారు. సాక్షి గారు హక్కు అంటున్నారు కనుక గుర్తు చేస్తున్నాను: ప్రచార హక్కులో ఎదుటివారిని మతం మార్చే హక్కు లేదని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది.

రేపల్లె రైతుబిడ్డ: 'అన్యజనులు' బైబిలు మాట, తిట్టు కాదు.

పటమట హేతువాది: మీ గ్రంథంలో ఏమైనా కానివ్వండి, నా ముఖం చూసి అంటే అది నాకు తగులుతుంది.

బ్రాడీపేట మాస్టారు: ఈ విషయంలో వారిదే న్యాయం. అపొస్తలుల కార్యములు 17లో పౌలు ఏథెన్సులో నిలబడి 'అన్యులారా' అనలేదు, 'ఏథెన్సువారలారా' అని ఊరి పేరుతో పిలిచాడు. వారి బలిపీఠాన్ని ప్రస్తావించాడు, వారి కవుల మాటనే ఉదహరించాడు.

సింగ్‌నగర్ సాక్షి: ఒక్క మాట పట్టుకుని ఇరవై పోస్టులు రాయండి. పౌలు ఏథెన్సులో మాట్లాడాడా లేదా? మాట్లాడాడు! మౌనం మంచిదనే మాట మీ నోట వింటే నాకు కడుపు మండుతుంది మాస్టారూ. మౌనం అంటే ఏమిటో నేను మా ఇంట్లో చూశాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు, మా దళిత క్రైస్తవులకు తెరవలేదు. బాప్తిస్మం తీసుకుంటే పిల్లలు ఎస్సీలు కాకుండా బీసీ-సి కిందికి పోతారని మా నాన్నగారు జీవితాంతం ఆగిపోయారు. ప్రతి ఆదివారం చర్చి ప్రహరీ బయట సైకిలు ఆనించి, లోపలి పాటలు విని ఇంటికి వచ్చేవారు. ఆయన పోయినప్పుడు రిజిస్టరులో పేరు లేదని సమాధుల తోటలో చోటు ఇవ్వలేదు. బ్రతికి చూపించిన మనిషికి దక్కింది అది. అందుకే నేను గట్టిగా చెబుతాను, ఎవరు నొచ్చుకున్నా చెబుతాను.

బ్రాడీపేట మాస్టారు: చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం, ఆ ఉత్తర్వు వల్ల మేము పోగొట్టుకున్నది ఏదీ లేదు. నా మౌనానికి ఖర్చు లేదు, మీ నాన్నగారి మౌనానికి ఉంది. రెంటినీ ఒకటిగా చూసి మాట్లాడాను, క్షమించండి. అయినా సోదరా, ఆయనకు చోటు ఇవ్వనిది మన సంఘం. ఆ బాకీని ఆసుపత్రి మంచం మీది మనిషి దగ్గర వసూలు చేయడం నాకు సరిగా తోచడం లేదు.

సింగ్‌నగర్ సాక్షి: వసూలు కాదు. మా నాన్నగారికి దొరకని ధైర్యాన్ని పంచుతున్నాను.

పటమట హేతువాది: సాక్షి గారూ, మీ నాన్నగారికి జరిగింది అన్యాయం. ఒక సంగతి ముందే చెప్పి ఉండవలసింది. మా అమ్మ ప్రతి ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్లకు కొండెక్కి కొవ్వొత్తి వెలిగించి వచ్చేది, నేను వద్దన్నా వినేది కాదు. ఆ ఇద్దరూ 'అమ్మా, ప్రార్థన చేయమంటారా?' అని అడిగి ఉంటే ఆమె తల ఊపి ఉండేదేమో. వారు అడగలేదు. నా కోపమంతా అక్కడే ఉందని ఇది రాస్తుంటే తెలుస్తోంది.

సింగ్‌నగర్ సాక్షి: అడిగితే వద్దంటారు. అప్పుడు?

పటమట హేతువాది: అప్పుడు వెళ్లిపోవాలి. మీరు మాట్లాడవద్దని నేను అనడం లేదు, నాకు వద్దనే వీలు ఉంచమంటున్నాను.

సింగ్‌నగర్ సాక్షి: వెళ్లిపోవడం నాకు తేలిక కాదు. ఆ మనిషి ఆత్మ గురించి నేను నిజంగా భయపడతాను, అది మీకు అర్థం కాదు. అయినా మంచం మీద ఉన్నవారిని అడగకుండా ముట్టుకోకూడదన్న మాట ఒప్పుకుంటున్నాను. అంతవరకే.

కొత్తపేట వాసి: అందరికీ కృతజ్ఞతలు. 'అన్యులు' అన్నందుకు హేతువాది గారు మన్నించాలి, అలవాటుగా వచ్చిన మాట అది. నిన్న రాత్రి గదిలో, నేనెందుకు నమ్ముతున్నానో వింటారా అని అడిగాను. ఒకతను వద్దన్నాడు. ఇంకొకతను, ఏడాది నుంచి ఎందుకు చెప్పలేదని నొచ్చుకున్నాడు. ఏమీ పట్టనట్టుండే మూడో అతను లేచి ఫ్యాను తగ్గించి నా పక్కన కూర్చున్నాడు.