జర్మనీలో సిస్టర్ల మఠంలో అమ్మతో రెండ్రోజులు ఉండటం ఎలా ఉంటుంది?

ఫ్రాంక్‌ఫర్ట్_చిన్నోడు:
సెప్టెంబర్‌లో అమ్మ వస్తోంది. మాది గుంటూరు వైపు కతోలిక కుటుంబం, అమ్మ సిస్టర్ల హాస్టల్లో ఉండి చదువుకున్న మనిషి, అందుకని కోటలూ మ్యూజియంలూ తిప్పేకన్నా ర్యూడెస్‌హైమ్ దగ్గర ఐబింగెన్‌లో సెయింట్ హిల్డెగార్డ్ మఠానికి తీసుకెళ్దామని ఉంది. వాళ్ల గెస్ట్ హౌస్‌లో దిగితే రోజంతా ప్రార్థనల్లో కూర్చోవాలా? నాకంత భక్తి లేదు, పైగా లేటుగా లేచే బాపతు. అదొక్కటే టెన్షన్.

ద్రాక్షతోట:
ఎవరూ బలవంతం చేయరండీ. వాళ్లు బెనెడిక్ట్ సభ సిస్టర్లు. అతిథి వస్తే సాక్షాత్తూ క్రీస్తే వచ్చినట్టు ఆదరించమని వాళ్ల నియమంలో, 53వ అధ్యాయంలో ఉంటుంది. ఆరో శతాబ్దంలో రాసిన నియమం అది. అయితే హోటల్ మర్యాదలు మాత్రం ఆశించకండి. ప్రార్థన గంట వినబడగానే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి గుడికి పోవాలని కూడా అదే నియమం చెబుతుంది, కాబట్టి మీ టైముకి వాళ్లు మారరు, వాళ్ల టైముకి మీరే సర్దుకోవాలి, ముఖ్యంగా భోజనాల దగ్గర. తెల్లవారుజాము ప్రార్థనకి అమ్మగారిని పంపి మీరు పడుకోండి. వెస్పర్స్‌కి, అంటే సాయంత్రం ప్రార్థనకి, మాత్రం వెళ్లండి. కీర్తనలు లాటిన్‌లో, ఒక పాదం ఈ వరుస వాళ్లు, ఇంకో పాదం ఆ వరుస వాళ్లు పాడతారు. పాదం మధ్యలో ఒక ఊపిరి తీసుకునేంతసేపు అందరూ ఒక్కసారే ఆగుతారు, ఒక్క గొంతు కూడా ముందుకు జారదు. భక్తి లేకపోయినా వినాల్సిందే.

సిస్టరుగారి_మేనకోడలు:
అమ్మగారికి ఒక విషయం ముందే చెప్పి తీసుకెళ్లండి. మన వైపు సిస్టర్లంటే బడి, ఆసుపత్రి, హాస్టల్. జేఎంజే (జీసస్ మేరీ జోసెఫ్) సభ సిస్టర్లు 1904లో హాలండ్ నుంచి గుంటూరు వచ్చింది అలాంటి సేవకే. ఇప్పుడున్న ఐబింగెన్ మఠం మొదలైంది కూడా అదే ఏడాది, కానీ దారి వేరు. వీళ్లు బయటికెళ్లి బడులు నడపరు, పనంతా మఠంలోనే. ద్రాక్షతోట చూసుకుంటారు, వైన్ చేస్తారు, మట్టి పాత్రలు చేస్తారు, పుస్తకాల షాపు ఉంది. మా అమ్మకి ఇదే సంగతి చెబితే "సిస్టర్లు సారా కాస్తారా!" అని గుండెల మీద చెయ్యేసుకుంది. పూజకి వైన్ ఎక్కడి నుంచి వస్తుందనుకుందో మరి. 1941లో హిట్లర్ రహస్య పోలీసులు, గెస్టపో వాళ్లు, ఈ సిస్టర్లందర్నీ వెళ్లగొట్టారు, యుద్ధం అయ్యాక 1945లో తిరిగొచ్చి మళ్లీ మొదలుపెట్టారు. అది కూడా చెప్పండి, గౌరవం పెరుగుతుంది.

ఆర్‌బీ10:
డాయిచ్‌లాండ్ టికెట్ (లోకల్ రైళ్లకీ బస్సులకీ నెలవారీ పాస్) ఉంటే ర్యూడెస్‌హైమ్ దాకా వేరే ఖర్చు లేదు. పునీత హిల్డెగార్డ్ అవశేషాల పేటిక మఠంలో ఉండదు, కింద ఊళ్లో విచారణ గుడిలో, అంటే ఊరివాళ్ల చర్చిలో, ఉంటుంది, చాలామంది పైన వెతికి వచ్చేస్తారు. సెప్టెంబర్ 17 ఆమె పండుగ, ఆ రోజుల్లో రద్దీ, గది కావాలంటే ఇప్పుడే మెయిల్ పెట్టండి. ఇంగ్లిష్‌లో రాసినా ఫర్వాలేదు.

ఫ్రాంక్‌ఫర్ట్_చిన్నోడు:
థాంక్సండీ అందరికీ. అమ్మకి మోకాళ్ల నొప్పులు, స్టేషన్ నుంచి నడవగలదా?

ఆర్‌బీ10:
వద్దు, అంతా ఎత్తే. వెళ్లేటప్పుడు టాక్సీ ఎక్కించండి, దిగేటప్పుడు కావాలంటే తోటల మధ్య నుంచి మెల్లగా నడిపించండి.