రెండు లక్షలతో మొదలుపెట్టాలంటే: మైనింగా, ట్రేడింగా, చిన్న ఆన్‌లైన్ వ్యాపారమా?

ఇందూరు కుర్రాడు

అందరికీ నమస్కారం. మాది నిజామాబాద్ పక్కన పల్లె. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో కాల్ సెంటర్‌లో చేశాను, ఈ మధ్యే మానేసి ఇంటికొచ్చాను. పసుపు అమ్మిన డబ్బులోంచి నాన్న రెండు లక్షలు ఇస్తానన్నారు. "సొంతంగా ఏదైనా చేసుకో, మళ్లీ మాత్రం అడగొద్దు" అన్నారు.

తెలిసినవాళ్ల దగ్గర ఆరు గ్రాఫిక్స్ కార్డుల మైనింగ్ రిగ్ (లెక్కలు చేసి క్రిప్టో, అంటే డిజిటల్ కాయిన్లు, సంపాదించే మెషీన్) లక్షన్నరకు వస్తోంది. నడుస్తున్నదే, వీడియో కాల్‌లో చూపించారు. అది కాకపోతే క్రిప్టో ట్రేడింగ్, నా ఫ్రెండ్స్ చేస్తున్నారు. అదీ కాకపోతే ఆన్‌లైన్‌లో ఏదైనా అమ్మడం, ఏం అమ్మాలో మాత్రం తేల్చుకోలేదు. నాకు మైనింగ్ మీదే మనసుంది. మెషీన్ దాని పని అది చేసుకుంటుంది, మనం రోజంతా స్క్రీన్ ముందు కూర్చోనక్కర్లేదు కదా. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కరెంటు లెక్క

తమ్ముడూ, ఆ రిగ్‌కి అడ్వాన్స్ ఇవ్వకు. ముందు ఇది చదువు.

ఆరు కార్డుల రిగ్గులు ఎక్కువగా ఈథీరియం అనే కాయిన్ కోసం కట్టినవి. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం మైనింగ్ పద్ధతినే వదిలేసి స్టేకింగ్‌కి (ఉన్న కాయిన్లు పూచీగా పెట్టి సంపాదించే పద్ధతికి) మారిపోయింది. ఆ రోజు నుంచి ఆ కార్డులకు అసలు పని పోయింది. రేవెన్‌కాయిన్ లాంటి చిన్నవి మిగిలాయి. ఈథీరియం మీద ఉన్న కార్డులన్నీ ఒక్కసారిగా వాటి మీద పడేసరికి అక్కడా ఏమీ మిగలకుండా పోయింది. "నడుస్తున్న రిగ్" అంటే ఫ్యాన్లు తిరుగుతున్నాయని అర్థం. ఎంత వస్తోందో అడిగావా? పూల్‌లో (మైనర్లు కలిసి పనిచేసి పంచుకునే చోట) వాళ్ల పేఅవుట్ హిస్టరీ, దానితో పాటే కరెంటు బిల్లు చూపించమను.

ఇక మీ ఇంటి సంగతి. ఆరు కార్డులు, మదర్‌బోర్డు, ఫ్యాన్లు కలిపి సుమారు ఒక కిలోవాట్ లాగుతాయి. అంటే రోజుకి 24 యూనిట్లు, నెలకి 720. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు జీరో బిల్లు వస్తోంది. మీకూ వస్తూ ఉంటే మొదటి నెలలోనే పోతుంది. పైగా వాడకంలో చాలా భాగం పై స్లాబుల్లోకి వెళ్తుంది, అక్కడ యూనిట్ 9, 10 రూపాయలు. ఇంటి మీటరు మీద వ్యాపారం నడుపుతున్నారని డిపార్ట్‌మెంట్ వాళ్లు రాస్తే విద్యుత్ చట్టం 126 సెక్షన్ ఉంది, రెట్టింపు టారిఫ్ వేస్తారు. ఆ బిల్లు వచ్చేది మీ నాన్నగారి పేరు మీద.

క్యాండిల్ చార్ట్

గ్రాఫిక్స్ కార్డుల వరకు ఒప్పుకుంటాను. కానీ మైనింగ్ అంటే అదొక్కటే కాదుగా, బిట్‌కాయిన్ మైనింగ్ కోసమే చేసిన ఏసిక్ మెషీన్లు ఉన్నాయి. పక్కనే భూటాన్‌లో ప్రభుత్వమే జలవిద్యుత్తుతో బిట్‌కాయిన్ మైనింగ్ చేస్తోంది. లాభం లేకపోతే ఒక దేశం దిగుతుందా?

కరెంటు లెక్క

భూటాన్‌కి లాభమే. వాళ్ల నది, వాళ్ల టర్బైన్, వాళ్ల చలి. మనకు ఆ మూడూ లేవు.

ఏసిక్ లెక్క కూడా వేద్దాం. ఆంట్‌మైనర్ ఎస్21 తీసుకోండి. లెక్కలు చేసే వేగం 200 టెరాహాష్, కరెంటు 3500 వాట్లు. 2024 ఏప్రిల్ హావింగ్ (మైనర్లకిచ్చే బహుమతి సగానికి తగ్గడం) తర్వాత ఒక్కో బ్లాకుకు (లావాదేవీల కట్టకు) 3.125 బిట్‌కాయిన్లు, పది నిమిషాలకో బ్లాకు, అంటే ప్రపంచం మొత్తానికి రోజుకి సుమారు 450 కొత్త బిట్‌కాయిన్లు. 2025లో నెట్‌వర్క్ మొత్తం సామర్థ్యం 1000 ఎక్సాహాష్‌ల (ఒక ఎక్సా అంటే పది లక్షల టెరా) దాకా వెళ్లింది. అందులో మీ మెషీన్ వాటా 50 లక్షల్లో ఒక వంతు. రోజుకి 0.00009 బిట్‌కాయిన్. ఒక బిట్‌కాయిన్ 80 లక్షలనుకుంటే 720 రూపాయలు. కరెంటు రోజుకి 84 యూనిట్లు, పది రూపాయల చొప్పున 840. మెషీన్ ధర, కస్టమ్స్, పూల్ ఫీజు ఇంకా కలపలేదు. ధర పెరిగితే లాభం వస్తుంది కదా అంటారు. ధర పెరిగితే టెక్సస్‌లో ఇంకో పెద్ద మైనింగ్ షెడ్డు లేస్తుంది, మీ వాటా మళ్లీ తగ్గుతుంది.

ఇంకొకటి, ఈ మెషీన్ 15 ఆంపియర్లు ఆపకుండా లాగుతుంది. గీజరు ప్లగ్ పాయింట్ అరగంట వాడకానికి పనికొస్తుంది, రాత్రీ పగలూ లాగితే సాకెట్ నల్లబడి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. నేను ఎలక్ట్రికల్ పనులు చేయిస్తాను, అలాంటి సాకెట్లు చేత్తో ఊడదీయించాను. శబ్దం 75 డెసిబెల్స్. ఇంట్లో ముసలివాళ్లుంటే నిద్ర పట్టదు.

పద్దుల పెద్దాయన

పన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతాను. నేను చిన్న వ్యాపారుల లెక్కలు రాస్తాను.

2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, సెస్సుతో కలిపి 31.2. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసివేయనివ్వరు. మైనింగ్‌కి పెట్టిన మెషీన్లు, సదుపాయాల ఖర్చు "కొన్న ధర" కిందికి రాదని ఆర్థిక శాఖ 2022 మార్చిలో పార్లమెంటులోనే చెప్పింది. అంటే పై లెక్కలో 720 వచ్చి 840 పోయినా, ఆ 720 మీద పన్ను కట్టాలి. నష్టంలో ఉన్నవాడు కూడా పన్ను కట్టే వ్యాపారం ఇది.

ట్రేడింగ్‌లో ఇంకో మెలిక ఉంది. ఒక కాయిన్‌లో లక్ష లాభం, ఇంకో కాయిన్‌లో 80 వేల నష్టం వచ్చాయనుకో. చేతిలో మిగిలింది 20 వేలు. పన్ను మాత్రం లక్ష మీద 31,200. నష్టాన్ని లాభంలోంచి కొట్టేయనివ్వరు, వచ్చే ఏడాదికి మోసుకుపోనివ్వరు. షేర్ల మీద ఉన్న వెసులుబాటు ఇక్కడ లేదు.

క్యాండిల్ చార్ట్

పెద్దాయన గారూ, పన్ను ఎక్కువే, కాదనను. అది అన్యాయమని కూడా అంటాను. కానీ భయపెట్టే మాటలు మాత్రమే చెబితే కుర్రాడికి సగం నిజమే తెలుస్తుంది. 2018లో రిజర్వ్ బ్యాంకు బ్యాంకులను క్రిప్టోకి దూరంగా ఉండమంది, 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సర్క్యులర్ కొట్టేసింది. కొనడం, అమ్మడం ఇక్కడ నేరం కాదు. 2020 మార్చిలో 5 వేల డాలర్ల కిందికి పడిన బిట్‌కాయిన్ 2024 డిసెంబరులో లక్ష దాటింది. మధ్యలో 2022 నవంబరులో 16 వేల కిందికి కూడా పోయింది, అది కూడా చెబుతున్నాను. ఓపికగా నెలనెలా కొంచెం కొని అట్టే పెట్టుకున్నవాడు 31.2 శాతం కట్టినా బాగుపడ్డాడు. పన్ను లాభం మీదే కదా.

రోజూ కొని అమ్మమని నేను ఎవరికీ చెప్పను. అమ్మిన ప్రతిసారీ ఒక శాతం టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) పోతుంది. మొత్తం డబ్బు రోజుకోసారి తిప్పితే నెల తిరిగేసరికి పెట్టుబడిలో నాలుగో వంతు ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల దగ్గర ఉంటుంది, రిటర్న్ వేసి రిఫండ్ వచ్చేదాకా అది మనది కాదు. అందుకని చాలామంది ఫ్యూచర్స్‌కి (కాయిన్ కొనకుండా దాని ధర మీద పందెం లాంటిది) పోతున్నారు, అది ఇంకా ప్రమాదం. పది రెట్ల లెవరేజ్ (అప్పు మీద పందెం) పెడితే ధర పది శాతం ఎదురు తిరిగిన క్షణంలో మొత్తం ఖాళీ. 2025 అక్టోబరు 10న ఒక్క రోజులో 1900 కోట్ల డాలర్లకు పైగా పొజిషన్లు అలా లిక్విడేట్ అయ్యాయి, అంటే బలవంతంగా మూసేశారు. కానీ లెవరేజ్ చెడ్డదైతే బిట్‌కాయిన్ చెడ్డదైపోదు.

అకౌంట్ హోల్డ్

కొనడం సరే, అమ్మడం గురించి నేను చెప్పాలి. నేను పీటూపీలో (మనిషికి మనిషి నేరుగా అమ్మే పద్ధతిలో) యూఎస్‌డీటీ (డాలరు విలువకు కట్టిన కాయిన్) అమ్మాను. కేవైసీ ఉంది, కొన్నవాడి ప్రొఫైల్‌లో వందల ఆర్డర్లున్నాయి, డబ్బు నా ఖాతాలో పడింది, కాయిన్లు వదిలాను. తర్వాత ఒక రోజు పెట్రోలు బంకులో యూపీఐ ఫెయిల్ అయింది. బ్యాంకుకి వెళ్తే ఖాతా మీద లీన్ (డబ్బు తీయకుండా ఆపడం) ఉందన్నారు. నాకు వచ్చిన డబ్బు ఎవరో మోసపోయినవాళ్లదట, కంప్లైంట్ వేరే రాష్ట్రంలో నమోదైంది. మేనేజరు అక్కడి పోలీస్ స్టేషన్ నంబరు రాసిచ్చి ఊరుకున్నాడు. ఆ నంబరుకి చేస్తే మెయిల్ పెట్టమంటారు, మెయిల్ పెడితే జవాబు ఉండదు. నా జీతం పడే ఖాతా అదే. నేరం చేసినవాడు ఎక్కడో ఉన్నాడు, ఇంటి అద్దెకి చేయి చాచాల్సింది నేను. దీని మీద గట్టిగా అడిగే నాథుడే లేడు.

క్రిప్టో మంచిదా చెడ్డదా అన్న చర్చలో నేను దిగను. కానీ ఇందూరు తమ్ముడికి ఒక్కటే: నాన్న ఖాతా, పంట డబ్బు పడే ఖాతా దీనికి అస్సలు వాడకు.

డాలస్ తెలుగు

టెక్సస్ మాట వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. ఇక్కడి పెద్ద మైనింగ్ కంపెనీలు కరెంటు టోకున కొంటాయి. ఎండాకాలం గ్రిడ్ మీద ఒత్తిడి పెరిగినప్పుడు మెషీన్లు ఆపేస్తే వాటికి తిరిగి డబ్బులు వస్తాయి. అపార్ట్‌మెంట్‌లో ఉండే మాకు అదేమీ వర్తించదు, మామూలు ఇంటి రేటే. ఇక్కడ కూడా ఇంట్లో మైనింగ్ గిట్టుబాటు కావడం లేదు.

చీరాల చీరలు

నేను వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో మంగళగిరి, చీరాల చేనేత చీరలు అమ్ముతాను. మైనింగ్, ట్రేడింగ్ నాకు తెలియవు. తెలిసింది చెబుతాను, ఎందుకంటే "చిన్న ఆన్‌లైన్ వ్యాపారం" అని అందరూ తేలిగ్గా అనేస్తున్నారు.

ఒక కాటన్ చీర నాకు 950కి పడుతుంది, 1,350కి పెడతాను. "ఫ్రీ షిప్పింగ్" అని రాయకపోతే ఎవరూ అడగరు కాబట్టి కొరియర్ 90 నాదే. కవరు, లేబులు ఇంకో 15. మిగిలింది 295. క్యాష్ ఆన్ డెలివరీ ఇస్తే కొందరు తలుపు దగ్గరే వద్దంటారు. పోను 90, రాను 90, రెండూ నెత్తిన పడతాయి. ఒక రిటర్న్ వచ్చిందంటే ఇంకో చీర మీద వచ్చిన లాభంలో సగానికి పైగా పోయినట్టే. అందుకే నేను సీవోడీ ఆపేశాను. ఆర్డర్లు తగ్గాయి, నిద్ర పడుతోంది.

ఫోటో ఉదయం ఎండలో తీయాలి, ట్యూబ్‌లైటు కింద తీస్తే నెమలి కంఠం రంగు నీలంలా పడుతుంది, "రంగు వేరే వచ్చింది" అని గొడవ. పార్సిల్ ఓపెన్ చేసే వీడియో కట్ లేకుండా తీసి పంపితేనే వాపసు తీసుకుంటానని ముందే చెబుతాను. శ్రావణ మాసంలో, దసరాకి అన్నం తినే టైముండదు. మూఢం వస్తే ఫోను మోగదు, కొన్న సరుకు బీరువాలో ఉంటుంది.

ఇంత చెప్పి కూడా ఇదే చెయ్యమంటాను నాన్నా. నా దగ్గర ఒకసారి కొన్న ఆవిడ చెల్లెల్ని పంపుతుంది, చెల్లెలు తన ఆఫీసు వాళ్లను పంపుతుంది. ఆ నమ్మకం ఏ హావింగ్‌కీ సగం అయిపోదు.

అవునూ, నిజామాబాద్‌లో ఉండి, ఇంట్లో పసుపు పండిస్తూ "ఏం అమ్మాలో తేల్చుకోలేదు" అంటావేమిటి? జాతీయ పసుపు బోర్డు మీ ఊళ్లోనే పెట్టారు కదా. కొమ్ములు ఉడకబెట్టడం, ఎండబెట్టడం మీ అమ్మకు తెలిసినంత ఏ బ్రాండు వాడికీ తెలియదు.

క్యాండిల్ చార్ట్

అక్కా, మీరు నిలదొక్కుకున్నారు. మొదలుపెట్టి మూసేసినవాళ్లు ఇక్కడికొచ్చి రాయరు. నా బిట్‌కాయిన్ రాత్రి రెండింటికైనా అమ్ముడవుతుంది. పురుగు పట్టిన పసుపు ప్యాకెట్లు ఎవరు కొంటారు? రెండు లక్షలూ సరుకులో పెట్టడం కూడా రిస్కే.

చీరాల చీరలు

రెండు లక్షలూ పెట్టమని ఎవరన్నారు? ఇరవై కిలోలు పట్టించి ముందు చుట్టాలకీ, హైదరాబాద్‌లో వాడితో పనిచేసినవాళ్లకీ పంపమంటాను. మళ్లీ అడిగితే ఇంకో ఇరవై. అడగకపోతే మిగిలిన పసుపు ఇంట్లో వాడుకుంటారు.

పద్దుల పెద్దాయన

పసుపు పొడి అయితే ఇవి చూసుకో. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, చిన్న స్థాయికి ఏడాదికి 100 రూపాయలే. దళారులు వేలు అడుగుతారు, ఇవ్వకు. ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. జీఎస్టీకి వస్తే, సరుకుల వ్యాపారానికి ఆంధ్రాలో 40 లక్షల టర్నోవర్ దాకా అక్కర్లేదు, తెలంగాణలో మాత్రం పరిమితి 20 లక్షలే. సొంత రాష్ట్రంలో అమ్మినంతవరకే ఆ వెసులుబాటు. మీ ఊరికి మహారాష్ట్రలోని నాందేడ్ దగ్గరే కదా అని అక్కడికి ఒక్క ప్యాకెట్ అమ్మినా రిజిస్ట్రేషన్ కావాలి. మీషో, అమెజాన్ లాంటి వాటిలో రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మడానికి 2023 అక్టోబరు నుంచి ఒప్పుకుంటున్నారు, అదీ రాష్ట్రం లోపలే, ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని. ఇక్కడ మిల్లు ఖర్చు, కవరు ఖర్చు, కొరియర్ ఖర్చు అన్నీ లెక్కలో చూపించుకోవచ్చు. పైన మైనింగ్‌కి లేనిది ఇదే.

ఇందూరు కుర్రాడు

అందరికీ ధన్యవాదాలు. రిగ్ అమ్మేవాళ్లను పేఅవుట్ హిస్టరీ, కరెంటు బిల్లు అడిగాను. "నీకు నమ్మకం లేకపోతే వేరేవాళ్లు రెడీగా ఉన్నారు" అన్నారు. అది వదిలేశాను. వాళ్లే ఇప్పుడు క్లౌడ్ మైనింగ్ (మనం డబ్బు కడితే వాళ్ల మెషీన్లతో మైనింగ్ చేస్తారట) యాప్ లింకు పంపారు, నెలకి పది శాతం గ్యారంటీ అట. అది చూడొచ్చా?

కరెంటు లెక్క

ముట్టుకోకు. గెయిన్‌బిట్‌కాయిన్ అనే స్కీమ్ సరిగ్గా ఇదే చెప్పింది, నెలకి పది శాతం, పద్దెనిమిది నెలలు అని. సీబీఐ దాకా వెళ్లిన కేసు అది. ఇలాంటి యాప్‌లలో బ్యాలెన్స్ పెరుగుతున్నట్టు కనిపిస్తుంది, తీసుకోబోతే "ముందు ట్యాక్స్ కట్టండి" అంటారు. ఎవరైనా అప్పటికే కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి.

క్యాండిల్ చార్ట్

ఈ ఒక్క విషయంలో నాదీ అదే మాట. గ్యారంటీ అన్నవాడు దొంగ. పసుపు మొదలుపెట్టు తమ్ముడూ, నేనూ రెండు కిలోలు తీసుకుంటాను. కానీ లాభం వచ్చినప్పుడు అందులోంచి నెలకి వెయ్యి బిట్‌కాయిన్‌లో పెట్టుకోవడం తప్పని మాత్రం నేను ఒప్పుకోను. పోయినా ఇల్లు కదలనంత పెట్టుకుంటే చాలు.

అకౌంట్ హోల్డ్

పెట్టుకో, కానీ పీటూపీ వద్దు.

చీరాల చీరలు

నాన్నా, పొడి పట్టించేటప్పుడు కారం పట్టిన మిల్లులో పట్టించకు, వాసన పట్టేస్తుంది. పసుపుకి వేరే మిల్లు ఉంటుంది, లేకపోతే కడిగించి మొదటి కిలో పక్కన పెట్టించు. కవరు జిప్‌లాక్ తీసుకో, మామూలు ప్లాస్టిక్ కవరు కొరియర్‌లో చిరిగి పక్క పార్సిళ్లన్నీ పసుపు అవుతాయి. మొదటి ఫోటోలు తీశాక ఇక్కడే పెట్టు, చూసి చెబుతాను.