‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే తప్పేంటి?

ఇంటర్వ్యూ_భయం:
నమస్తే అండి. మా కోచింగ్‌లో మొన్న మాక్ ఇంటర్వ్యూ పెట్టారు. చివర్లో “ఎనీ క్వశ్చన్స్?” అంటే “ఎస్ సర్, ఐ హావ్ ఎ డౌట్” అన్నాను. ఆ మాట జన్మలో అనొద్దని సార్ కసిరారు. ఎందుకో చెప్పలేదు. చిన్నప్పటి నుంచి అదే అంటున్నాం కదా?

డల్లాస్_డైరీ:
తప్పే. ఇక్కడివాళ్లకు డౌట్ అంటే నమ్మకం కుదరకపోవడం. “ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ డిజైన్” అంటే ‘మీ డిజైన్ పనిచేస్తుందని నాకనిపించట్లేదు’ అని తీసుకుంటారు. ఏదైనా అడగాలంటే “ఐ హావ్ ఎ క్వశ్చన్” అను. అంతే, ఇందులో చర్చకేం లేదు.

చాక్‌పీస్:
ఎందుకు లేదు బాబూ? ముప్పై ఏళ్లు ఇంగ్లిష్ చెప్పాను. “ఎనీ డౌట్స్?” అని అడగని టీచర్ని చూపించండి. ఇంతమంది ఒక మాటను ఒక అర్థంలో వాడుతుంటే ఆ అర్థం దానికి ఉన్నట్టే. ముందుకు జరపడానికి మన దగ్గర వాడే ‘ప్రిపోన్’ని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు చేర్చుకోలేదా?

కారప్పొడి:
నాదో డౌట్. స్పెల్లింగ్‌లో ‘బి’ ఎందుకు, పలకనప్పుడు?

చాక్‌పీస్:
ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు బి లేదమ్మా. లాటిన్‌లో ‘దుబితారే’ కదా అని తర్వాత పండితులు దూర్చారు. అప్పు అనే ‘డెట్’లోనూ ఇదే కథ. జనం నోట్లోకి మాత్రం అది ఎక్కలేదు.

డల్లాస్_డైరీ:
బి సంగతి వదిలేయండి. క్రియగా వాడితే ఇంకా ముప్పు. “వాడు రాడని నా డౌట్” అంటాం, అంటే రాడనే అనుకుంటున్నాం. దాన్నే “ఐ డౌట్ హి వోంట్ కమ్” అని దింపితే అర్థం తిరగబడుతుంది, వస్తాడేమోలే అన్నట్టవుతుంది. “ఐ డౌట్ హి విల్ కమ్” అనాలి. “వాడు రావడం డౌటే” అంటామే, అదొక్కటే వాళ్ల వాడుకకు సరిపోతుంది.

చాక్‌పీస్:
స్కాట్లండ్‌లో “ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్” అంటే వాన పడేట్టుందనే. షేక్‌స్పియర్ రోజుల్లోనూ ఆ మాటకు అనుమానించడం, భయపడటం అనే అర్థాలుండేవి. మరి వాళ్లకూ ఇంగ్లిష్ రాదంటారా?

డల్లాస్_డైరీ:
కుర్రాడు ఇంటర్వ్యూకి వెళ్లేది స్కాట్లండ్ కాదు మాస్టారూ, హైటెక్ సిటీ.

చాక్‌పీస్:
అక్కడ అడిగేదీ మనవాళ్లే. వాళ్లకు అర్థం కాదా?

నల్లరేగడి:
మా టీమ్‌లో మెక్సికో అతను కూడా “ఐ హావ్ ఎ డౌట్” అనే అంటాడు. స్పానిష్‌లో ‘తెంగో ఉనా దుదా’ అంటారట, అచ్చం మనలాగే. ‘నో డౌట్’ దగ్గర కూడా జాగ్రత్త. మనం ముమ్మాటికీ అనే అర్థంలో వాడతాం. “నో డౌట్ యు ఆర్ బిజీ” అంటే మాత్రం ‘బిజీగానే ఉండుంటారు లెండి’ అన్నట్టే. ఖాయమని చెప్పాలంటే ‘వితౌట్ ఎ డౌట్’ నయం.

చాక్‌పీస్:
డల్లాస్ బాబు మొదట్నుంచీ ‘ఇక్కడివాళ్లు’ అంటున్నారు. తెల్లవాడు నవ్వుతాడన్న భయం తప్ప ఇందులో వ్యాకరణం ఏముంది?

డల్లాస్_డైరీ:
బాబూ అనడం ఆపండి, నాకు నలభై నాలుగు. 2011లో, వచ్చిన కొత్తలో, పదిహేను మంది ఉన్న కాల్‌లో క్లయింట్‌తో “ఐ హావ్ సమ్ డౌట్స్ ఆన్ యువర్ నంబర్స్” అన్నాను. ఆవిడ గొంతు మారిపోయింది. తన లెక్కలు తప్పంటున్నాననుకుంది. మా మేనేజర్ నా తరఫున సారీ చెప్పాడు. ఆ కాల్ అయ్యేదాకా నేను నోరెత్తలేదు. పదహారేళ్ల చదువులో ఒక్క మాస్టారూ ఈ తేడా చెప్పలేదు. ‘మన ఇంగ్లిష్ మనది’ అంటూ వదిలేసింది మీలాంటివాళ్లే.

చాక్‌పీస్:
మొదట్లో నేనూ ప్రతి మాటా దిద్దేవాణ్ణి. తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల లేచి “సార్, ఐ హావ్ డౌట్” అంది. “ఎ డౌట్” అని దిద్దాను. క్లాసంతా నవ్వింది. అడగాల్సింది అడక్కుండానే కూర్చుంది. ఆ ఏడాదంతా మళ్లీ లేవలేదు. దిద్దడం అప్పుడు మానేశాను.

డల్లాస్_డైరీ:
ఆ పిల్ల ఇప్పుడు ఏ కాల్‌లో ఇరుక్కుందో.

నల్లరేగడి:
క్లాసయ్యాక పక్కకి పిలిచి చెప్పాల్సింది సార్. నన్నూ ఇంజనీరింగ్‌లో అలాగే నవ్వారు. నాలుగేళ్లు వెనక బెంచీలోనే గడిపాను.

చాక్‌పీస్:
అరవై మంది పిల్లలమ్మా. బెల్లు కొట్టాక ఎంతమందిని పిలవను?

ఇంటర్వ్యూ_భయం:
అండీ, రేపు పదింటికి నా అసలు ఇంటర్వ్యూ. ఇంతకీ ఏమనమంటారు?

డల్లాస్_డైరీ:
“కుడ్ ఐ ఆస్క్ వన్ థింగ్?” అను.

చాక్‌పీస్:
అదే అను. టెన్షన్‌లో అది గుర్తురాకపోతే డౌట్ అనే అడిగెయ్ నాన్నా.

డల్లాస్_డైరీ:
మళ్లీ మొదలెట్టారు.