పోస్ట్‌మార్టం దంత పరీక్ష: పీజీ ప్రాక్టికల్స్‌లో తప్పులు ఎక్కడ దొర్లుతాయి?

కొత్త_పీజీ:
నమస్కారం అండి. ఫోరెన్సిక్ ఒడాంటాలజీలో (పళ్ళను బట్టి శవం ఎవరిదో, వయసెంతో తేల్చే శాస్త్రం) ప్రాక్టికల్ పోస్టింగ్ మొదలవుతోంది. ముందు ఎండు దవడల మీద చార్టింగ్ (ఒక్కో పన్ను స్థితిని పటంలో నమోదు చేయడం), ఎక్స్‌రేలు, ఆ తర్వాత వయసు అంచనా, చివర్లో మార్చురీ. థియరీ పుస్తకంలో దొరుకుతుంది. చేతిపనిలో ఎక్కడ జారిపోతామో, దాన్ని ముందే ఎలా పట్టుకోవాలో పని తెలిసినవారు చెప్పగలరా?

దవడ_ఎముక:
కుడి ఎడమల దగ్గర మొదలుపెట్టండి. ఇది చిన్న విషయం కాదు. పై దవడ, కింది దవడ రెండింటినీ పళ్ళు పైకి, ముందు పళ్ళు మీవైపు ఉండేలా బల్ల మీద పెట్టి చూడండి. కింది దవడలో ఆ మనిషి కుడివైపు మీ ఎడమ చేతికి వస్తుంది. పై దవడ తలకిందులుగా ఉంది కాబట్టి దాని కుడివైపు మీ కుడి చేతికే వస్తుంది. చూడటానికి రెండూ ఒకే దిశలో ఉన్నా పక్కలు తారుమారు! అందుకే చార్టు ముట్టుకోకముందే దవడల పక్కన "కుడి", "ఎడమ" చీటీలు పెట్టండి.

తర్వాత నంబర్లు. ఎఫ్‌డీఐ అనే రెండంకెల పద్ధతిలో మొదటి అంకె దవడలో ఏ పావు భాగమో, రెండోది మధ్య నుంచి ఎన్నో పన్నో చెబుతుంది; అందులో 11 అంటే పై కుడి మొదటి పన్ను. పళ్ళను వరసగా 1 నుంచి లెక్కించే యూనివర్సల్ పద్ధతిలో అదే 11 పై ఎడమ కోరపన్ను. శవంతో పోల్చడానికి, బతికుండగా దంతవైద్యుడు రాసిన పాత రికార్డు చేతికొస్తే మొత్తం ఒకసారి చదవండి. 36, 47 లాంటివి కనిపిస్తే అది యూనివర్సల్ కాదు, అందులో శాశ్వత దంతాలు 32తో ఆగిపోతాయి. 9, 19, 20, 30 కనిపిస్తే ఎఫ్‌డీఐ కాదు. పద్ధతి తేలకుండా ఒక్క పన్ను కూడా మార్చి రాయొద్దు. పైకి చెప్పేటప్పుడు "ముప్ఫై ఆరు" అనకుండా "మూడు, ఆరు" అని విడివిడిగా పలకండి. మాస్కు వెనక నుంచి వచ్చే మాట సగమే వినిపిస్తుంది.

రెండో_చూపు:
పై మాటకు ఒకటి కలుపుతాను. చార్టింగ్ ఎప్పుడూ ఇద్దరు చేయాలి. ఒకరు చూసి చెబుతారు, ఇంకొకరు రాసి వెంటనే తిరిగి చదువుతారు. చార్టులో పన్నుకొకటి చొప్పున ఉండే 32 గడులూ అయ్యాక స్థానాలు మార్చుకుని, ఈసారి ఎక్స్‌రేలూ ఫోటోలూ ముందు పెట్టుకుని మళ్ళీ మొదటి నుంచి చూడాలి. ఏ గడినీ ఖాళీగా వదలొద్దు. ఖాళీ గడికి "పన్ను బాగుంది" అనీ అర్థం చెప్పవచ్చు, "చూడలేదు" అనీ చెప్పవచ్చు. పోల్చేవారికి అది ప్రమాదం.

పన్ను లేని చోట గుంట చూడండి. అంచులు పదునుగా ఉండి లోపల ఖాళీగా ఉంటే చనిపోయాక ఊడింది. అంచులు నున్నబడి గుంట పూడిపోతే బతికుండగానే పోయింది. ఒంటి వేరు పళ్ళు తేలిగ్గా జారిపోతాయి కాబట్టి శవం సంచి అడుగున, బట్టల మడతల్లో, గొంతులో, దొరికిన చోటి మట్టిలో వెతికించాలి.

పళ్ళ వరస సరిచేయించుకోవడానికి ప్రీమోలార్ (కోరపన్ను వెనక ఉండే 4, 5 స్థానాల పళ్ళలో ఒకటి) తీయించుకున్నవారిలో మిగిలింది 4నా 5నా అని చాలాసార్లు తేలదు. అప్పుడు "4 లేదా 5" అనే రాయండి. 36 పోయి 37 ముందుకు జరిగినప్పుడు దాన్నే 36గా రాసేయడం కూడా తరచూ జరిగే పొరపాటే. వేర్ల ఆకారం, పన్ను వంపు ఎక్స్‌రేలో చూశాకే తేల్చండి.

కొత్త_పీజీ:
పంటి రంగు ఫిల్లింగులు కంటికి ఆనడం లేదు. ప్రాక్టీసు దవడల్లోనే రెండు వదిలేశాను.

నీలికాంతి:
కంటిని, ప్రోబ్‌ని మాత్రమే నమ్మితే అందరూ వదిలేస్తారు. ముందు పన్నును గాలితో పూర్తిగా ఆరబెట్టండి. గది చీకటి చేసి 365 నుంచి 395 నానోమీటర్ల యూవీ టార్చ్ వేయండి. చాలా కాంపోజిట్లు (పంటి రంగు ఫిల్లింగులు) చుట్టూ ఉన్న ఎనామెల్ (పంటి పైపొర) కంటే వేరుగా మెరుస్తాయి. కొన్ని అసలు మెరవవు. అందుకే టార్చ్ తర్వాత ఎక్స్‌రే తప్పదు. యూవీ కళ్ళద్దాలు మరవొద్దు. మురికి, రక్తపు మరక ఉంటే మెత్తని బ్రష్, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు. అయితే శుభ్రం చేయకముందు ఒక వరుస ఫోటోలు, చేశాక మరో వరుస, రెండింటిలోనూ కేసు నంబరు కనిపించాలి. అద్దంలో తీసిన ఫోటో తిరగబడి వస్తుంది. తీసిన క్షణమే దానికి పేరు పెట్టండి.

ఎక్స్‌రేల విషయం: కండ లేని ఎముకకు మామూలు ఎక్స్‌పోజర్ ఇస్తే బొమ్మ నల్లబడిపోతుంది. సగంతో మొదలుపెట్టి సర్దుకోండి. పాత ఎక్స్‌రే దొరికితే అదే కోణంలో కొత్తది తీయాలి. కోణం మారితే ఒకే ఫిల్లింగ్ రెండు రకాల ఆకారాల్లో కనిపిస్తుంది. ఫిల్ము మీది చిన్న చుక్క ఉబ్బు వైపు ఎక్స్‌రే ట్యూబుకు ఎదురుగా ఉంటుంది, దాన్ని బట్టి కుడి ఎడమలు తెలుస్తాయి. నకలు తీసిన ఫిల్ములో ఆ నమ్మకం పోతుంది, కాబట్టి పక్కను పళ్ళ ఆకారాన్ని బట్టే తేల్చండి.

దవడ_ఎముక:
కాలిన శవం ఉంటే వరస పూర్తిగా మారుతుంది. బ్రష్ తాకించవద్దు. వేడికి ఎనామెల్, దాని కింది పొర డెంటిన్ వేర్వేరుగా కుదించుకుంటాయి, ఎనామెల్ పెంకులా లేచి ఉంటుంది. తల కదిపితే రాలిపోతుంది. కాబట్టి అక్కడికక్కడే ఫోటోలు, వీలైతే ఎక్స్‌రే, ఆ తర్వాత సయనోఅక్రిలేట్ (సూపర్ గ్లూ) జిగురు చుక్కలుగా గానీ రంగులేని గోళ్ళ పాలిష్ పలచగా గానీ వేసి ఆరనివ్వాలి, అప్పుడే తల కదపాలి. డీఎన్ఏకు పనికొచ్చే మోలార్‌కు (వెనక దవడ పన్నుకు) మాత్రం జిగురు తగలనివ్వొద్దు. బుగ్గలు, నాలుక కాచుకోవడం వల్ల వెనక పళ్ళు తరచూ బాగానే మిగులుతాయి.

నోరు తెరుచుకోకపోతే దవడ కోసి తీయడం నేర్పుతారు. పై దవడ కోత వేర్ల కొనలకు బాగా పైన పడాలి. కొంచెం కిందికి పడినా కోరపన్ను వేరు తెగుతుంది, ఎక్స్‌రేలో పోల్చడానికి అదే కావాలి.

రెండో_చూపు:
ఇక్కడ నాది కొంచెం వేరే అభిప్రాయం. కోత ఆఖరి మార్గం. దవడ బిగుసుకోవడం కాలంతో తనే సడలుతుంది, ఓపిక ఉంటే ఆగవచ్చు. చేత్తో పట్టే ఎక్స్‌రే యంత్రంతో చాలా పని అయిపోతుంది. ముఖాన్ని కుటుంబం చూడాల్సి ఉంటుంది. రాతపూర్వక అనుమతి లేకుండా కత్తి పెట్టకూడదని ట్రైనీకి మొదటి రోజే చెప్పాలి.

కొత్త_పీజీ:
వయసు అంచనాలో ఒకే ఓపీజీని (పళ్ళన్నీ ఒకే బొమ్మలో వచ్చే ఎక్స్‌రే) రెండుసార్లు చదివితే పంటి ఎదుగుదలకు రెండు వేర్వేరు దశలు వచ్చాయి.

వేరుకొలత:
డెమిర్జియన్ పద్ధతి (1973) గురించేనా? పిల్లల్లో కింది ఎడమ ఏడు పళ్ళు, ఒక్కోదాని ఎదుగుదలకు ఏ (A) నుంచి హెచ్ (H) వరకు ఎనిమిది దశలు. తడబాటు ఎక్కువగా ఈ (E), ఎఫ్ (F) మధ్య, జీ (G), హెచ్ (H) మధ్య వస్తుంది. వేరు పొడవు, కిరీటం (పన్నులో వేరు పోగా మిగిలిన భాగం) ఎత్తు కంటే తక్కువైతే ఈ (E). సమానమైతే గానీ పెరిగితే గానీ ఎఫ్. కంటితో కాదు, డివైడర్‌తో కొలవండి. వేరు కొన ఏమాత్రం తెరిచి ఉన్నా హెచ్ కాదు, జీనే. సందేహం మిగిలితే రెండింటిలో తక్కువ ఎదిగిన దశే వేయాలి. 20 ఓపీజీలు చదివి, రెండు వారాల తర్వాత పాత జవాబులు చూడకుండా మళ్ళీ చదివి కప్పా (రెండుసార్ల జవాబులు ఎంత కలిశాయో చెప్పే అంకె) లెక్క కట్టండి.

పెద్దవారికి లామెండిన్ పద్ధతి (1992), ఒంటి వేరు పన్నుతో. వయసు = 0.18 × పీ + 0.42 × టీ + 25.53. పీ అంటే చిగురు దిగిన ఎత్తును 100తో గుణించి వేరు ఎత్తుతో భాగించినది. టీ కూడా అలాగే, వేరులో కాంతి దాటే భాగం ఎత్తుతో. వేరు 14 మి.మీ., చిగురు దిగింది 3, కాంతి దాటేది 6 అయితే జవాబు 47.4. ఆ 6ను 7గా చదివితే 50.4. ఒక్క మిల్లీమీటరుకు మూడేళ్ళు! ఇంకోటి, ఈ సూత్రం ఎప్పటికీ 25.53 కంటే తక్కువ చెప్పదు. కుర్రవాడి పన్నుకు వాడితే తప్పు జవాబు ఖాయం. రిపోర్టులో ఒక్క అంకె కాక పరిధి రాయండి.

రెండో_చూపు:
పోల్చేటప్పుడు కాలం ఎటు నడుస్తుందో చూడండి. పాత రికార్డులో పన్ను ఉండి ఇప్పుడు లేకపోతే అది వివరించగల తేడా, తర్వాత తీయించుకుని ఉండవచ్చు. పాత రికార్డులో తీసేసిన పన్ను శవంలో ఉంటే ఆ మనిషి కాదు. కానీ అంతమాట అనేముందు పక్క పన్నుకు నంబరు పొరపాటున పడిందేమో పాత ఎక్స్‌రేతో సరిచూడాలి. ఇంటర్‌పోల్ ఫారాల్లో పసుపు చావుకు ముందు వివరాలకు, గులాబీ తర్వాతవాటికి. పాత వివరాలు సేకరించే జట్టు, శవాన్ని పరీక్షించే జట్టు విడిగా పనిచేస్తేనే మేలు, లేకపోతే రికార్డులో చదివిందే నోట్లో కనిపిస్తుంది.

కొత్త_పీజీ:
చివరిగా, కాటు గుర్తులకు ఎంత సమయం పెట్టాలి?

నీలికాంతి:
"ఈ గుర్తు ఫలానా పళ్ళదే" అనే సరిపోల్చడానికి తగినంత శాస్త్రీయ ఆధారం లేదని అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2023 నివేదికలో తేల్చింది. నేర్చుకోవాల్సింది నమోదు, లాలాజలం సేకరణ. ఏబీఎఫ్ఓ (అమెరికా ఫోరెన్సిక్ దంతవైద్యుల బోర్డు) నంబర్ 2 అనే ఎల్ (L) ఆకారపు స్కేలు గాయం ఉన్న తలంలోనే పెట్టి, కెమెరా నిట్టనిలువుగా పట్టాలి. స్కేలు మీది వలయాలు గుడ్డు ఆకారంలో వస్తే ఫోటో వాలిందన్నమాట. లాలాజలం కోసం గాయం కడగకముందే రెండు స్వాబులు (దూది పుల్లలు): మొదటిది స్టెరైల్ డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి గుండ్రంగా దొర్లించాలి, రెండోది పొడిది, ఆ తడిని పీల్చడానికి. రెండూ గాలికి ఆరాక కాగితపు కవర్లో పెట్టండి. ప్లాస్టిక్‌లో మూస్తే తేమ నిలిచి డీఎన్ఏ పాడైపోతుంది.